గురవమ్మ చేనుకు కట్టిన టేపు

ఆ ఏడు మార్టూరు చుట్టుపక్కల పిట్టలకి బొత్తిగా భయం పోయింది. తప్పు పిట్టలది కాదు, సీడీలది. అంతకు ముందు రెండేళ్ళు, సీడీలొచ్చాయని ఎవరింట్లో చూసినా పాత క్యాసెట్లు బయట పారేశారు, వాటిలోని టేపులన్నీ జొన్నచేలకి ఎక్కాయి. కందిపుల్లలు పాతి, పుల్లకీ పుల్లకీ మధ్య టేపుని మెలేసి కడితే ఎండకి తళతళా మెరిసేది, గాలికి జుయ్యిమని మోగేది. పిట్ట ఆ దరిదాపులకి వచ్చేది కాదు. ఇప్పుడు పారేయడానికి క్యాసెట్లే మిగల్లేదు. సీడీలు కూడా వేలాడగట్టి చూశారు గానీ, అవి మెరుస్తాయే తప్ప మోగవు. ఉత్త మెరుపుకి పిట్ట ఒక్కపూటే బెదురుతుంది, రెండో పూట దానిమీదే వాలుతుంది.

గురవమ్మ జొన్న సరిగ్గా అప్పుడే పాలు పోసుకుంది. పిట్టంటే గురవమ్మకి కడుపులో మంట. గింజలు మనకిచ్చి రెక్కలు వాటికివ్వడం దేవుడు చేసిన పక్షపాతం అని ఆవిడ గట్టి నమ్మకం. తెల్లారకుండానే మంచె ఎక్కి, రాళ్ళు విసిరే వడిసెల తిప్పుతూ "హోయ్! హోహోయ్!" అని అరిచిందంటే జాతీయ రహదారి మీద లారీవాడు కూడా బ్రేకు మీద కాలేస్తాడని ఊళ్ళో చెప్పుకునేవారు. మొగుడు చెంచయ్య మంచివాడే గానీ మంచె ఎక్కితే నిద్రపోతాడు. అందుకని ఆవిడే అరవాలి, ఆవిడే విసరాలి. నాలుగు రోజులకి గొంతు బొంగురుపోయింది.

గొంతు పోయాక ఇంట్లో క్యాసెట్ల మీద పడింది. తొందరపాటు మనిషి కాదు గురవమ్మ. ఒక్కొక్క క్యాసెట్టూ టేప్‌రికార్డరులో పెట్టి, మోగించి మరీ చూసింది. దేవుడి పాటలు, తియ్యకూడదు. సినిమా పాటలు, చెంచయ్య ఏడుస్తాడు. బీరువా పైఅరలో, కూతురి బట్టల వెనకాల ఒకటి దొరికింది. దానిమీద ఇంగ్లీషులో ఏదో రాసి ఉంది. పెట్టింది. చిటపట, చిటపట. కాగిన నూనెలో ఆవాలు వేసినట్టు ఒకటే చిటపట తప్ప పాటా లేదు, మాటా లేదు. గ్లాసుడు టీ తాగేదాకా ఓపిక పట్టింది. ఆవాలు వేగుతూనే ఉన్నాయి.

"పాడైపోయింది పాపం," అనుకుని డబ్బా పగలగొట్టింది.

ఆ టేపు ఆవిడ చేనుకి చుట్టగా ఇంకా మిగిలింది. మిగిలింది చుట్టి, గట్టు అవతల చేనుగల మాబూబీకి ఇచ్చింది. మాబూబీ మొగుడు మొహిద్దీన్ బాషాకి ఊళ్ళో టేప్‌రికార్డర్లు బాగుచేసే కొట్టు ఉంది. ఉన్న పాత టేపంతా అడిగినవాళ్ళకల్లా పంచేసి, తీరా పెళ్ళాం చేనుకి మూరెడు మిగల్చలేదు ఆ మహానుభావుడు. రెండు చేలూ జుయ్యిమన్నాయి. పిట్టలు పక్కూరికి పోయాయి. గురవమ్మ హాయిగా నిద్రపోయింది.

ఆ హాయి శ్రీరమ్య బస్సు దిగేదాకా ఉంది.

శ్రీరమ్య వాళ్ళ ఒక్కగానొక్క కూతురు. గుంటూరు బ్రాడీపేటలో గది తీసుకుని, పొద్దున కోచింగ్ సెంటర్‌లో పిల్లలకి ఫిజిక్స్ చెబుతూ, మిగిలిన వేళ పరిశోధన చేసుకుంటుంది. ముందు సంవత్సరం దక్షిణ ధ్రువం వైపు, మంచు ఖండంలో ఉన్న మన దేశపు కేంద్రానికి వెళ్ళే బృందంలో ఆ పిల్లకి చోటు దొరికింది. రెండు నెలలు ఉండి వచ్చింది. ఆ సంగతి తెలియని మనిషి మార్టూరులో ఉంటే అది గురవమ్మ లోపం కాదు.

వస్తూనే సంచి గుమ్మంలోనే పడేసి తల్లిని చుట్టేసింది. "అమ్మా! విజయవాడ రేడియో స్టేషన్ వాళ్ళు పిలిచారే! రేపు మధ్యాహ్నం రికార్డింగు. ఆదివారం పొద్దున వేస్తారట. నా మాట, నేను పట్టుకొచ్చిన చప్పుడు! నువ్వూ వస్తున్నావు, అడిగేశాను. ఆ ఆకుపచ్చ చీర తియ్యి."

గురవమ్మకి కాళ్ళు నేలమీద ఆగలేదు. "రేడియోలోనా? నా కూతురా? ఏమయ్యోయ్, విన్నావా!" అని పెరట్లో ఉన్న చెంచయ్యని కేకేసింది. "ఇంతకీ ఏం చప్పుడే?"

"మంచులో పట్టుకొచ్చిందే. అసలు రికార్డింగు ఉన్న డిస్కు ఓడలో తడిసి పాడైపోయింది. నేను విన్నానంటే నమ్మడానికి ఇంకో ఆధారం లేదు. అదృష్టం కొద్దీ నా చిన్న టేప్‌రికార్డరులో కూడా ఒకటి తీసుకున్నా. గదిలో పెడితే ఎవరైనా దానిమీద పాటలు ఎక్కించుకుంటారని భయపడి ఇక్కడ దాచా. తీరిగ్గా కాపీ చేద్దామనుకుంటే తీరికే దొరకలేదు." అంటూనే బీరువా తెరిచింది. "ఇక్కడే, నా బట్టల వెనకాల..."

చీర కోసం వెళ్ళిన మనిషి వెళ్ళినచోటే ఆగిపోయింది. తేలు కుట్టిన దొంగలా నిలబడి, కూతురు బట్టలన్నీ తీసి మంచం మీద పడేస్తుంటే చూస్తూ ఉంది.

"అమ్మా, చూశావా దాన్ని?"

"చూశానే," అంది గురవమ్మ. "చేలో ఉంది."

శ్రీరమ్యకి అర్థం కాలేదు. అర్థం అయ్యేలా చెప్పే ధైర్యం గురవమ్మకి లేదు. చెయ్యి పట్టుకుని చేనికి తీసుకుపోయింది.

మధ్యాహ్నపు గాలికి టేపు మహా ఉషారుగా మోగుతోంది. తూర్పు గట్టు నుంచి పడమటి గట్టు దాకా కందిపుల్లల మీద తళతళలాడుతోంది. శ్రీరమ్య ఆ చివరినుంచి ఈ చివరిదాకా చూసింది. నెత్తిమీద రెండు చేతులూ పెట్టుకుంది. ఏడుస్తుందనుకుంది గురవమ్మ. ఏడ్చింది కూడా. ఏడుస్తూ ఏడుస్తూనే ఫక్కున నవ్వింది.

"పిచ్చుకల మీద బ్రహ్మాస్త్రం వేశావు కదే అమ్మా!"

"నాదే తప్పు," అంది గురవమ్మ. ఆ మాట ఆవిడ నోట విన్నందుకు వెనకాలే వచ్చిన చెంచయ్య గట్టుమీద చతికిలబడ్డాడు. "చిటపటలు తప్ప ఏం వినపడలేదే. పాడైందనుకున్నా. కన్నకూతురి కష్టం తెచ్చి పిట్టలకి కట్టాను, నా చేతులు పడిపోను!"

"ఆగాగు, శాపాలు తర్వాత పెట్టుకుందువుగాని." శ్రీరమ్య కళ్ళు తుడుచుకుని టేపు దగ్గరికి పోయి వేళ్ళమధ్య పట్టి చూసింది. మొహంలోకి మళ్ళీ వెలుగొచ్చింది. "అమ్మా, టేపు తెగితే చప్పుడు పోదే! ముక్కలో ముక్క మేర ఉంటుంది. వరస తప్పకుండా అతికిస్తే చాలు. ఎటునుంచి కట్టావు?"

"తూర్పునుంచి," అంది గురవమ్మ ఊపిరి పీల్చుకుని. "ముందు మన చేను, తర్వాత మాబూబీది. ఒక్క పుల్ల కూడా దాటెయ్యలేదు."

ఇక చూడాలి ఆ హడావిడి. చెంచయ్య ముడులు విప్పడం, గురవమ్మ టేపు పట్టుకోవడం, శ్రీరమ్య దాన్ని కందిపుల్లకి చుట్టడం. టేపు నిండా దుమ్ము, మంచుకి తడిసి ఎండిన మరకలు. పక్కనే పత్తిచేను పగిలి ఉంది. గురవమ్మ వెళ్ళి ఒడినిండా దూది కోసుకొచ్చింది. ముక్క ముక్కనీ పచ్చి దూదితో తుడిచి, పుల్లకి చుట్టి, పుల్లల్ని తూర్పునుంచి పడమరకి వరసగా గట్టున గుచ్చారు. ఒక ముక్క మాత్రం దొరకలేదు. ఏ గిజిగాడో గూటికి అల్లుకుని ఉంటాడు.

"ఇంతకీ ఇందులో ఏముందే?" అని అడిగింది గురవమ్మ చేతులు ఆపకుండా.

"సూర్యుడి మీదనుంచి ఎప్పుడూ ఒక గాలి కొడుతూ ఉంటుందమ్మా, మనకి తెలియదు. భూమి పెద్ద అయస్కాంతం కదా, ఆ గాలిని ధ్రువాల వైపు మళ్ళిస్తుంది. అక్కడ ఆకాశంలో పచ్చగా, ఎర్రగా వెలుగులు ఆడతాయి. అరోరా అంటారు. ఆ వెలుగులొచ్చే చోట ఆకాశం రేడియో స్టేషన్ పెట్టినట్టే, దానంతట అదే తరంగాలు పంపుతుంది. మనిషి పంపేవి కాదు. చెవికి వినపడవు. పొడుగాటి తీగ వేసి ఒక పెట్టెకి తగిలిస్తే వినపడతాయి. నేను వెళ్ళినప్పుడు అక్కడ వేసంకాలం, పొద్దు కుంకేదే కాదు. వెలుగులు చూద్దామంటే చీకటి ఏదీ? వినడానికి మాత్రం అడ్డేం లేదు. రోజూ తీగ దగ్గర కూర్చునేదాన్ని. ఒకరోజు సూర్యుడి మీద పెద్ద తుఫాను లేచింది. ఆ మర్నాడు పొద్దున్నే..." అని ఆగింది. "వద్దులే. విందువుగాని."

గట్టు దాటారు. మాబూబీ చేలోనే ఉంది. సంగతంతా విని బుగ్గన చెయ్యి పెట్టుకుంది. "యా అల్లా! అయితే మా చేలో ఆకాశం మోగిందా అక్కా ఇన్నాళ్ళూ?" అని నవ్వింది. నవ్వి, కంకుల వైపు చూసుకుంది. ఆ చూపు గురవమ్మకి తెలుసు. పాలకంకి మీద టేపు తీసేస్తే రేపీపాటికి పిట్టలకి విందే.

"రేపటి నుంచి నీ చేనుకి కూడా నేనే కాపలా," అంది గురవమ్మ. "నీ చేలో ఒక్క కంకి పోతే నా చేలో రెండు కోసుకో."

"మరి రేడియో స్టేషనుకి?" అంది శ్రీరమ్య. "అమ్మా, నువ్వు రావాలి!"

గురవమ్మకి మనసు చివుక్కుమంది. ఆ ఆకుపచ్చ చీర కట్టుకుని, రేడియో స్టేషను గుమ్మం ఎక్కి, 'ఈ పిల్ల నా కూతురండీ' అని చెప్పాలని ఎంత ఉబలాటపడిందో! "నేనెందుకే అక్కడ? నా గొంతు వింటే వాళ్ళ మైకులు పగులుతాయి," అంది. "పుల్ల పట్టుకో, పొద్దు వాలుతోంది."

దీపాలు పెట్టే వేళకి అందరూ బాషా కొట్లో ఉన్నారు. ఒకదానికొకటి వరసగా పుల్లలు బల్లమీద పెట్టి, పాత క్యాసెట్టు డబ్బా స్క్రూలు విప్పి, బ్లేడుతో ముక్కల అంచులు కోసి, వెనకవైపు గోరంత జిగురు కాగితం వేసి అతికించాడు బాషా. అతికిందల్లా శ్రీరమ్య పెన్సిలు పెట్టి చుట్టింది. చివరి పుల్ల ఖాళీ అయ్యాక బాషా చేతులు దులుపుకుని, "బిస్మిల్లా," అని మీట నొక్కాడు.

చిటపట, చిటపట.

"ఇవేనే నేను విన్న ఆవాలు!" అంది గురవమ్మ.

"అవి మెరుపులమ్మా. ప్రపంచంలో ఎక్కడ మెరిసినా ఆ తీగకి చిటుక్కుమంటుంది. ఇంకాస్త ఆగు."

గ్లాసుడు టీకి మించి ఆగారు. చిటపటలు తప్ప ఏం రాలేదు. శ్రీరమ్య గోళ్ళు కొరుకుతోంది. ఎండకి పోయిందేమో, దొరకని ముక్కలోనే ఉందేమో అని గురవమ్మ మనసులోనే ఊళ్ళో ఉన్న దేవుళ్ళందరికీ మొక్కేసింది. ఇంతలో చిటపట ఆగి, టేపులోంచి మనిషి గొంతు వచ్చింది.

"...ఇక్కడ చెట్టు లేదమ్మా. పచ్చన అన్నది లేదు. గుప్పెడు గింజలు చల్లితే తినడానికి ఒక్క పిచ్చుక లేదు. అలాంటి చోట ఇవాళ పొద్దున పెట్టెలోంచి పిట్టలు కూశాయే! నిజంగా పిట్టలే అనుకున్నా. తెల్లారి మన జొన్నచేలో వాలతాయే, అచ్చం అలాగే. నువ్వే గుర్తొచ్చావు. ఇక్కడుంటే ఈపాటికి వడిసెల తీసేదానివి. ఏడుపొచ్చింది, నవ్వొచ్చింది..."

గొంతు తెగిపోయింది. మళ్ళీ చిటపట.

"ముక్క తిరగబడిందమ్మా, ఇది రెండో వైపు," అన్నాడు బాషా నెమ్మదిగా. శ్రీరమ్య మొహం ఎర్రబడింది. "నీకోసం చెప్పిందేనే. ఇంటికొచ్చాక అన్నీ నోటితోనే చెప్పేశాను కదా, ఇది వినిపించడానికి సిగ్గేసింది," అంది. గురవమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కూతురు భూమి చివరికి పోయి, ఆకాశం కూత విని, తన జొన్నచేనుని తలుచుకుంది. అంతకంటే ఆవిడకి ఇంకేం కావాలి? ఏడుపు తన్నుకొచ్చింది, ఏడ్చేసింది, మాబూబీ కూడా సాయం ఏడ్చింది.

బాషా ఆ ముక్కని ఊడదీసి, తిరగేసి, మళ్ళీ అతికించాడు. మీట నొక్కాడు.

చిటపట. చిటపట. ఆ చిటపటల వెనకాల ఎక్కడో, ఒక్క కిచుకు. దాని వెంట ఇంకోటి. కూయ్ మని కిందనుంచి పైకి లేచింది ఒకటి. అది ముగిసేలోపల దానిమీద నాలుగు లేచాయి. ఆ తర్వాత ఇక లెక్క లేదు. పది, వంద, ఒకదానిమీద ఒకటి, కిచకిచ, కువకువ, తెల్లారగట్ల గుంపంతా ఒక్కసారి లేచినట్టు కొట్టు నిండిపోయింది.

"ఇదే! ఇదే!" శ్రీరమ్య గంతులేసింది. తల్లి భుజాలు పట్టుకుని ఊపేసింది. "పోలేదే అమ్మా! పోలేదు!"

"ఇవి పిట్టలు కావూ?" అన్నాడు చెంచయ్య నోరు తెరిచి.

"పిట్ట లేదు, గూడు లేదు నాన్నా. ఉత్త ఆకాశం!"

గురవమ్మ కళ్ళు తుడుచుకుని, నడుం మీద చెయ్యేసింది. "అయితే నేను పిట్టల్ని పిట్టలతోనే బెదిరించానా ఇన్నాళ్ళూ?" అంది. కొట్టు గొల్లుమంది. ఆ నవ్వుల్లోనే బాషా ఇంకో టేప్‌రికార్డరు తెచ్చి, ముందు రెండు కాపీలు తీశాడు.

మర్నాడు శ్రీరమ్య క్యాసెట్టుని గుండెలకి హత్తుకుని బస్సెక్కింది. గురవమ్మ మంచె ఎక్కింది.

టేపు తీసేసిన కబురు పిట్టలకి ఎవరు చెప్పారో గానీ, పక్కూరికి పోయినవి బంధుమిత్రులతో సహా తిరిగొచ్చాయి. గురవమ్మ ఇటు విసిరి అటు అరిచి, అటు విసిరి ఇటు అరిచి, రెండు చేలకీ కాపలా కాసింది. చెయ్యి పీకింది, గొంతు మళ్ళీ పోయింది. అయినా మాబూబీ కంకి ఒక్కటి పోనివ్వలేదు.

ఆదివారం పొద్దున్నే బాషా ఇచ్చిన ట్రాన్సిస్టరు మంచె గుంజకి వేలాడగట్టింది. కింద చెంచయ్య, మాబూబీ, పొలాలకి పోతూ ఆగినవాళ్ళు కొందరు. రేడియో స్టేషనుకి కట్టుకెళ్ళలేకపోయిన ఆ ఆకుపచ్చ చీర కట్టుకుని మరీ, రాళ్ళ బుట్ట పక్కన పెట్టుకుని మంచె మీద కూర్చుంది గురవమ్మ.

రేడియోలో శ్రీరమ్య గొంతు వచ్చింది. తడబడకుండా చెప్పింది, సూర్యుడి గాలీ, అరోరా వెలుగులూ, మంచులో వేసిన తీగా. చివరికి అంది: "ఇప్పుడు మీరు వినబోయేది ఆకాశం తనంతట తాను పాడిన పాట. ఇది మా అమ్మ జొన్నచేనుకి కాపలా కాసి వచ్చింది. అక్కడక్కడా అతుకులు ఉంటాయి, క్షమించండి. ఆ అతుకులు నాకు చాలా ఇష్టం."

చిటపట. కిచుకు. కూయ్.

సరిగ్గా అప్పుడే తూర్పునుంచి గుంపొకటి వచ్చి చేలో వాలింది. అలవాటు కొద్దీ గురవమ్మ చెయ్యి పైకి లేచింది. లేచిన చెయ్యి అలాగే ఆగింది. రేడియోలో ఒకటి కూస్తే చేలో ఒకటి కూసింది. చేలో పది కూస్తే రేడియోలో వంద లేచాయి. ఏది మంచు ఖండానిదో, ఏది మార్టూరుదో ఆవిడకి తెలియలేదు. కూతురు ఆ మంచులో ఒంటరిగా కూర్చుని వింటున్నట్టూ, తను పక్కన ఉన్నట్టూ అనిపించింది. వడిసెల ఒళ్ళో పెట్టుకుంది.

"ఏమే! తినేస్తున్నాయే!" అని కిందనుంచి చెంచయ్య కేక.

"నోర్ముయ్యవయ్యా! వినపడట్లా!"

ఆకాశం కూసినంతసేపూ పిట్టలు తిన్నాయి. కూత అయిపోయింది. కార్యక్రమం ముగిసిందని రేడియో చెప్పింది. గురవమ్మ లేచి నిలబడి, ఆకుపచ్చ కొంగు నడుముకి దోపి, వడిసెల గిరగిరా తిప్పి "హోహోయ్!" అని ఊరు దద్దరిల్లేలా అరిచి విసిరింది. గుంపు ఒక్కసారి లేచి, పత్తిచేల మీదుగా ఎగిరిపోయింది.

మాబూబీ తన చేను చూసుకొచ్చి, "ఒక కంకి పోయింది, నాకు రెండు బాకీ అక్కా," అంది. అని, మంచె వైపు చూసి నవ్వింది. రాళ్ళ బుట్ట ఉన్నది ఉన్నట్టే ఉంది. వడిసెలలో గురవమ్మ రాయే పెట్టలేదు.